వైద్య పరిశోధన – రోగి సమ్మతి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమును నిలబెట్టుకొని వచ్చిన మీరు, ఈ ఉత్సవ సమయమున ఒక వైద్యుని పిలిచి మాటలాడుమనుట నాకు సంతోషము కలిగించినది. ఆరోగ్య సూత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. కాచిన నీరు త్రాగవలెననియు, భోజనమునకు ముందు చేతులు కడుగుకొనవలెననియు మీకు నేను చెప్పనక్కరలేదు. మీ బడిపిల్లలు నాకంటె బాగుగా చెప్పగలరు. అందుచేత వారి యనుమతితోనే వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. ఒక మందు పనిచేయునని వైద్యునికి ఎట్లు తెలియును? అది తెలియుటకు ముందు ఎవరో ఒకరి శరీరముమీద దానిని ప్రయోగించి చూడవలెను గదా! ఆ మొదటి మనుష్యుడెవడు? అతనిని ఎవరడిగిరి? ఏమని యడిగిరి? అతడు ఏమి తెలిసి ఒప్పుకొనెను?

ఇవి గ్రంథాలయములో వేయదగిన ప్రశ్నలా యని మీలో కొందరికి తోచవచ్చును. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన పెద్దలు, శాస్త్ర విషయములు తెలుగువాని చేతికి తెలుగులోనే అందవలెనని పూనుకొనిరి. చదువురానివారిని కూర్చుండబెట్టి చదివి వినిపించుట మన గ్రంథాలయములకు పాత అలవాటు. నేను చెప్పబోవు విషయమునకు కీలకము ఒక కాగితము. దానిని సమ్మతి పత్రమందురు. దానిని ఎవరు చదువుదురు, ఎవరు చదివి చెప్పుదురు అను సంగతి వద్దకే మనము చివరకు వచ్చి చేరెదము.

మొదట ఒక భేదమును మనవి చేసెదను. మీకు జ్వరము వచ్చినది. వైద్యుని యొద్దకు పోయితిరి. ఆయన నాడి చూచి, తనకు తెలిసినంతలో మీకేది మేలో దాని నిచ్చును. అది చికిత్స. అక్కడ ఆయన దృష్టి యంతయు మీమీదనే. పరిశోధన అట్టిది కాదు. ఒక జబ్బునకు రెండు మందులున్నవి. రెంటిలో ఏది మెరుగైనదో ఎవరికిని తెలియదు. అప్పుడు రోగులను రెండు వర్గములుగా విడదీసి, ఒక వర్గమునకొక మందు, రెండవ వర్గమునకు రెండవ మందు నిచ్చి, కొన్నాళ్లకు లెక్క చూతురు. ఎవరు ఏ వర్గములో చేరవలెనో చీటి తీసి తేల్తురు. వైద్యుని యిష్టమునకు వదలిపెట్టినచో, ఆయన తనకు తెలియకయే బలముగానున్న రోగులను తాను నమ్మిన మందువైపు నెట్టును. చీటికి మొగమోటము లేదు. ఈ పద్ధతి వలన సమాధానము వచ్చును; కాని ఆ సమాధానము ముందుముందు రాబోవు రోగులకు. ఇప్పుడు మంచముమీద నున్నవానికి అది మేలు చేయవచ్చును, చేయకపోవచ్చును.

రోగికి ఈ భేదము కనబడదు. అదే ఆసుపత్రి, అదే తెల్లకోటు, అదే సూది. వైద్యుడు ఏమి చేసినను తన మేలుకొరకే చేయునని అతడనుకొనును. 1982లో అమెరికాలో పాల్ ఆపెల్‌బామ్ మొదలైన మానసిక వైద్యులు ఈ పొరపాటును గమనించి దానికొక పేరు పెట్టిరి. మన మాటలో దానిని చికిత్సాభ్రమ అనవచ్చును. చదువుకొన్న అమెరికా రోగులకే ఆ భ్రమ కలిగినదనిన, మనవారిని తప్పుపట్టుటకేమున్నది?

మనదేశమున రోగులు పరిశోధనకు ఒప్పుకొనరను ఫిర్యాదు వైద్యుల సభలలో తరచుగా వినబడుచుండును. నేను చూచినంతలో సంగతి వేరు. మనవారు కాదనుట అరుదు. త్వరపడి ఔననుటయే ఎక్కువ. "ఇదంతా నాకెందుకు బాబూ, వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటారో చెప్పండి, వేస్తాను" అనెడి ముసలివాని మాటలో వైద్యునిమీద గౌరవమున్నది. రెండు బస్సులు మారి వచ్చిన అలసట యున్నది. కాదన్నచో రేపు ఈయన నన్ను సరిగా చూడడేమో యను భయము గూడ ఒక మూల నున్నది. వీనిలో సమ్మతి యెక్కడ నున్నదో వెదకి పట్టుకొనుట కష్టము.

పరిశోధనలో పాల్గొన్నవానికి మేలు జరిగితీరవలెనని లేదంటిని. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు, చిగుళ్లనుండి నెత్తురు కారుచు నీరసించిన పన్నెండుగురు నావికులను ఇద్దరిద్దరిగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థము నిచ్చి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరును వారము తిరుగక ముందే కోలుకొనిరి. వారి కథ వైద్య గ్రంథములన్నిటిలో నున్నది. సముద్రపు నీరు త్రాగిన ఇద్దరిని మాత్రము ఎవరును తలపరు. వారు త్రాగకపోయినచో నిమ్మపండు గొప్పతనము ఎట్లు తేలును? 2020 చివరలో, హైదరాబాదున తయారైన కోవాక్సిను టీకా మూడవదశ పరీక్షకు దేశమంతటినుండి సుమారు 25,800 మంది చేతులు చాచిరి. వారిలో సగము మందికి టీకాద్రవ్యము లేని సూది నిచ్చిరి. ఎవరికేది యిచ్చినదియు వారికిని తెలియదు, ఇచ్చినవారికిని తెలియదు. మహమ్మారి వీధిలో తిరుగుచున్న దినములలో ఉత్తసూది పడవచ్చునని తెలిసియు చేయి చాచుట చిన్న సంగతి కాదు. లిండ్ నావికులను ఎవరును అడుగలేదు, వీరిని అడిగిరి. మధ్యనున్న రెండువందల డెబ్బది యేండ్ల చరిత్ర యంతయు ఆ అడుగుటను నేర్చుకొన్న చరిత్రయే.

ఆ నేర్చుకొనుట ఎంత మెల్లగా సాగినదో చూడుడు. మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమ తాగిన నెత్తురు హుస్సేన్ ఖాన్ అను రోగిది. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము ముట్టినది. ఇందు రాస్‌ను నిందించుట నా యుద్దేశము కాదు. ఆ కాలమునకు అణా యిచ్చుటయే మర్యాద. మూడేండ్ల తరువాత క్యూబా ద్వీపమున పచ్చజ్వరమును పరిశోధించిన వాల్టర్ రీడ్, తన ప్రయోగమునకు వచ్చినవారిచేత ఒక ఒడంబడిక వ్రాయించెను. స్పెయిను దేశమునుండి వలసవచ్చిన కూలీలకు వారి భాషలోనే దానిని వ్రాయించెను. ప్రాణాపాయము కలదని అందులో స్పష్టముగా నున్నది. వారి భాషలో వ్రాయించుట యను సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు పనియున్నది.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన కథ చెన్నపట్టణములో జరిగినది. దానికి ముందు ఇంగ్లండులో జరిగినది కొంచెము చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన క్రొత్తలో క్షయకు స్ట్రెప్టోమైసిను అను మందు వచ్చినది. మందు అమెరికాది, ఇంగ్లండు వద్ద డాలర్లు లేవు, ఉన్న కొద్ది మందు అందరికిని చాలదు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంక శాస్త్రజ్ఞుడు, తానే ఒకప్పుడు క్షయతో మంచము పట్టి లేచినవాడు, కవరులలో చీట్లు ముద్రవేసి పెట్టించి 107 మంది రోగులను రెండు వర్గములు చేయించెను. ఆరు నెలలలో మందు పడిన 55 మందిలో నలుగురు, మందు లేక మంచముమీద విశ్రాంతి మాత్రమే తీసికొన్న 52 మందిలో పదునలుగురు చనిపోయిరి. 1948లో ప్రకటించిన ఈ లెక్క తరువాతి వైద్య పరీక్షలన్నిటికి ఒజ్జబంతి యయ్యెను. అయితే మందులేని వర్గమువారికి తాము ఒక పరీక్షలో నున్నామను సంగతియే ఎవరును చెప్పలేదు. చెప్పి బాధపెట్టుట ఎందుకని వైద్యులు తలచిరి. దయతో చేసిన పనియే. కాని సరిగా అంతకు ముందేడే, 1947లో, జర్మనీలో ఖైదీలపై ఘోర ప్రయోగములు చేసిన వైద్యులపై తీర్పు చెప్పుచు న్యూరెంబర్గు న్యాయస్థానము పది సూత్రములను వెలువరించినది. మనుష్యుని స్వేచ్ఛాసమ్మతి తప్పనిసరి యనునది వానిలో మొదటిది. ఆ సూత్రములు దుర్మార్గులకొరకే గాని మనకొరకు గాదని మంచి వైద్యులు చాలకాలము అనుకొనుచు వచ్చిరి. మంచివాని దయ గూడ ఒక్కొక్కప్పుడు రోగి నోరు నొక్కునని వారికి తట్టలేదు.

చెన్నపట్టణమునకు వత్తము. ఆనాడు క్షయ యనిన శానిటోరియము. మదనపల్లె ఆరోగ్యవరము పేరు మీ పెద్దలకు తెలిసియే యుండును. మంచిగాలి, పాలు, గ్రుడ్లు, నెలల తరబడి విశ్రాంతి, ఇవి లేక క్షయ కుదురదని వైద్యులును నమ్మిరి, జనులును నమ్మిరి. కాని రోగులు లక్షలు, పడకలు వేలు. పడక దొరకునంతలో ప్రాణము పోవును. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి చెన్నపట్టణమున ఒక క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును తెరచినవి. వాలెస్ ఫాక్స్ అను ఆంగ్ల వైద్యుడు దానిని నడపెను. తెలుగువారును అరవవారును కలిసి బ్రతికెడి ఆ నగరపు బీదపేటలనుండి 193 మంది రోగులను తీసికొని, చీటి ప్రకారము ఒక వర్గమును శానిటోరియమునకు పంపిరి; రెండవ వర్గమును వారి యిండ్లలోనే యుంచిరి. మందులు ఇరువురికిని ఒక్కటే, ఐసోనియాజిడ్, పి.ఏ.యస్., ఒక యేడాది. శానిటోరియములో మంచి తిండి, నర్సుల సేవ. ఇంటివద్ద ఇరుకుగది, గంజి, పొయ్యిపొగ, జీవనముకొరకు పని.

ఇంటనున్నవారి గతి యేమగునోయని అనేకులు భయపడిరి. ఇంటిలోని పసిపిల్లలకు అంటునని మరియు భయపడిరి. ఏడాది తిరిగినది. క్షయక్రిములు అణగినవారు శానిటోరియములో నూటికి 92 మంది, ఇంటివద్ద నూటికి 86 మంది. భేదము స్వల్పము. ఇంటనున్న రోగులవలన వారి కుటుంబములోనివారికి జబ్బు అధికముగా సోకనూలేదు. 1959లో ఈ ఫలితము ప్రకటింపబడినంతట, క్షయరోగిని ఇల్లు విడిపింపనక్కరలేదను మాట లోకమంతట వ్యాపించినది. క్రమముగా శానిటోరియములు మూతబడినవి. నేడు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మాత్రలు తీసికొని ఇంటనే నయమగుచున్న ప్రతి క్షయరోగియు ఆ 193 మందికి ఋణపడియున్నాడు.

వారు చేసిన పనియేమో ఊహింపుడు. పి.ఏ.యస్. కడుపులో త్రిప్పెడి మందు, మోతాదు పెద్దది, దినదినము మింగవలెను. రెండు మూడు నెలలకే దగ్గు తగ్గును, జ్వరము పోవును, ఆకలి పుట్టును. అప్పుడు మందు మానవలెనని ఎవరికి తోచదు? కేంద్రపు కార్యకర్తలు చెప్పకుండ ఇంటికి వచ్చి మందులు లెక్కపెట్టెడివారు. మూత్రమును పరీక్షించి మందు పడినదో లేదో చూచెడివారు. అయినను వెంటబడి తిరుగుట యొక్కటే చాలదు. రోగి వైద్యుని మోసగించిన పక్షమున లెక్క యంతయు మోసమగును. ఇక్కడ సమ్మతి యనగా మొదటి దినమున వేసిన వేలిముద్ర కాదు. ఏడాదిపాటు ప్రతి ఉదయమును మందుతోపాటు క్రొత్తగా ఇచ్చుచు వచ్చిన సమ్మతి. ఆ బీదపేటల రోగులకు చదువు రాదు, శాస్త్రము తెలియదు, కాబట్టి వారికి చెప్పి ప్రయోజనము లేదనెడి వైద్యుడు ఈనాటికిని కనబడుచున్నాడు. అట్టివాడు ఈ కథను చదువలేదనుకొందును.

వైద్యుని సంగతికి వచ్చితిని గనుక కొంచెము నిష్పక్షపాతముగా మాటలాడవలెను. పరిశోధన యనగానే రోగి వెనుదీయుననియు వైద్యుడు ముందుకు త్రోయుననియు లోకులనుకొందురు. చాలచోట్ల వెనుదీసినది వైద్యుడే.

స్తనమునకు కాన్సరు వచ్చినచో స్తనమునంతను, క్రిందనున్న కండరములతో సహా తీసివేయుట పందొమ్మిదవ శతాబ్దము చివరనుండి శస్త్రవైద్యుల యాచారము. అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్ నేర్పిన విద్య యది. గడ్డను మాత్రము తీసి మిగిలిన దానిని కాపాడినచో చాలదా యను ప్రశ్నకు సమాధానము తెలియకుండనే డెబ్బది ఎనుబది యేండ్లు గడచినవి. 1976లో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వమున అమెరికా, కెనడా దేశములలో ఈ ప్రశ్నపై చీటి వేసి తేల్చెడి పరీక్ష ప్రారంభమయ్యెను. పరీక్షలో చేర్పదగిన స్త్రీలు కావలసినంతమంది యున్నారు, వైద్యులు చేర్పరు. ఏలనని కొందరు పరిశోధకులు ఆ పరీక్షలోని ప్రధాన వైద్యులనే అడిగి 1984లో ప్రకటించిరి. 91 మంది జవాబిచ్చిరి. నూటికి 73 మంది, చేర్చినచో రోగికిని తమకును గల సంబంధము చెడునని భయపడితిమనిరి. నూటికి 38 మంది, సమ్మతి పత్రము వ్యవహారము కష్టమనిరి. నూటికి 22 మంది చెప్పిన కారణము నన్ను ఎక్కువగా ఆకర్షించినది: ఏది మేలో తమకు తెలియదని రోగి యెదుట విప్పి మాటలాడుట తమకిష్టము లేదట!

ఈ మాటను ఎగతాళి చేయుటకు నాకు మనసొప్పదు. కాన్సరు వచ్చెనని విని వణకుచున్న స్త్రీ యెదుట కూర్చుండి, "అమ్మా, రెండు మార్గములున్నవి, ఏది మంచిదో నాకును తెలియదు, లోకములో ఎవరికిని తెలియదు, చీటి తీసి తేల్చుకొందము" అని పలుకుట ఎంత కష్టమో అట్టి కుర్చీలో కూర్చున్నవారికే తెలియును. వైద్యుని ధైర్యమే సగము మందని మన పెద్దలనెడివారు. ఆ ధైర్యమును వదలుకొనుటకు ఎవనికి చేతులు వచ్చును? అయినను చూడుడు. తెలియనిదానిని తెలిసినట్లు చూపి ఆ వైద్యులు ఎవరిని కాపాడిరి? 1985లో ఫలితము వెలువడినది; 2002లో ఇరువది యేండ్ల లెక్కయు వెలువడినది. గడ్డ మాత్రము తీయించుకొన్నవారును, స్తనమంతయు తీయించుకొన్నవారును సమానముగానే బ్రతికిరి. కిరణ చికిత్స తోడైనచో మిగిలిన స్తనములో జబ్బు తిరుగబెట్టుటయు తగ్గినది. వైద్యులు మొగమాటపడక స్త్రీలను ముందుగా చేర్చియున్నచో ఈ సంగతి మరి కొన్నేండ్ల ముందే తెలిసెడిది. ఆ మధ్యకాలమున స్తనము పోగొట్టుకొన్నవారికి వైద్యుని ధైర్యవచనము మిగిలినది.

మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయమునను వైద్యులలో ఇట్టి వివాదమొకటి కలిగినది. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్, రక్తపు కాన్సరు కలిగిన పిల్లలకు ఇచ్చి చూడబూనెను. ఆ రోజులలో ఆ జబ్బు వచ్చిన బిడ్డకు మరణము నిశ్చయము. పోవు ప్రాణమును సూదులతో బాధించుట యెందుకు, నెమ్మదిగా పోనిండని అదే ఆసుపత్రిలోని తోటి వైద్యులు ఎదురాడిరి. తల్లిదండ్రులు బిడ్డలను తెచ్చిరి. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసములో పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము గుణము కనబడినట్లున్నది. కొంతకాలమే; ఆ మాటను దాచలేదు. తరువాత రెండు నెలలకు సుబ్బారావుగారే కన్నుమూసిరి. ఆ జాతి మందే యైన మెథోట్రెక్సేటు నేటికిని ఆ చికిత్సలో నున్నది. నేడు మంచి చికిత్స దొరకిన పిల్లలలో ఎక్కువమంది బ్రతుకుచున్నారు. ఎదురాడిన వైద్యులు కఠినులు కారు, తెచ్చిన తల్లిదండ్రులు మూఢులు కారు. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది: అక్కడ బిడ్డ తరపున మాటలాడినది బిడ్డను కన్నవారు.

ఈ మాట నెందుకు నొక్కి చెప్పుచున్నానో మన ఖమ్మము జిల్లా సంగతి వినినచో తెలియును. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములయందు పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించెడి టీకా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, రాష్ట్ర ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి కలిసి తలపెట్టిన పని యది. గుజరాతులోని వడోదరలోను ఇట్లే జరిగినది. బాలికలలో చాలమంది గిరిజనుల బిడ్డలు, హాస్టళ్లలో ఉండి చదువుకొనువారు. రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయిరని వార్తలు రాగా, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఆ పనిని నిలిపివేసినది. విచారణ జరిగినది. ఆ మరణములకు టీకా కారణమని తేలలేదు. టీకా మంచిదే, ఇతర దేశములలో అది వేలమంది స్త్రీలను కాపాడుచున్నది.

తేలినది వేరొకటి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో సమ్మతి పత్రముల లెక్క చెప్పినది. మన రాష్ట్రమునకు చెందిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రములమీద హాస్టలు వార్డెనులే సంతకము చేసిరి. ఇది పరిశోధన కాదు, టీకాను జనులకందించెడి పద్ధతిని చూచుట మాత్రమేయని నిర్వాహకులు వాదించిరి. పరిశోధనయేయని స్థాయీసంఘము తేల్చినది. ఆ వాదమునకు నేను పోను. అడవిపల్లెలోనున్న తల్లికి కబురుపెట్టుట కష్టమని, ఆమె బిడ్డ విషయమున వార్డెను సంతకముతో పని జరుపుకొనుట ఏ పేరు పెట్టినను ఒక్కటే. హాస్టలు వార్డెను బిడ్డకు అన్నము పెట్టించును, పాఠము చదివించును. ఆ బిడ్డ శరీరముమీద అధికారము ఆయనకెవరిచ్చిరి? పర్యవసానము చూడుడు. ఆ పత్రములను ఇంటింటికి తీసికొనిపోయి తల్లులకు చదివి వినిపించియున్నచో, మరణవార్తలు వచ్చినను అడిగి తెలిసికొనుటకు వారికొక దారి యుండెడిది. చెప్పకుండ చేసిన పనికి అపనమ్మకము మిగిలినది. టీకా పేరు చెడి చాల సంవత్సరములవరకు దేశములోని ఆడపిల్లలకు అది అందుట ఆలస్యమయ్యెను. అమెరికాలో అలబామా రాష్ట్రమున టస్కెగీ అనుచోట 399 మంది నల్లజాతి సవాయిరోగులకు మందుండియు ఈయక, చెప్పక, 1932 మొదలు 1972 వరకు చూచుచు ఊరకుండిన ప్రభుత్వ వైద్యుల దోషము మన ఖమ్మపు దోషమునకంటె వేయిరెట్లు పెద్దది. రెంటిని ఒక త్రాసున తూచరాదు. అయితే నమ్మకమును పోగొట్టుటకు టస్కెగీ అంత ఘోరము అక్కరలేదని ఖమ్మము చూపినది.

తరువాత మనదేశమున చట్టములు గట్టిపడినవి. 2013లో సుప్రీంకోర్టు కలుగజేసికొనిన పిమ్మట, బలహీనవర్గములవారిని క్రొత్తమందు పరీక్షలలో చేర్చునపుడు సమ్మతిని అడుగు తంతునంతయు దృశ్యశ్రవణ యంత్రముతో చిత్రించి యుంచవలెనను నియమము వచ్చినది. 2019 మార్చిలో క్రొత్తమందులు, వైద్య పరీక్షల నియమావళి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, నష్టపరిహారమును ఈయవలెను. ఒప్పుకొన్నవాడు ఎప్పుడైనను, కారణము చెప్పకయే, వైదొలగవచ్చును. అందువలన అతని చికిత్సకు లోపము రారాదు. ప్రతి పరీక్షను ముందుగా ఒక నైతిక సంఘము పరిశీలింపవలెను. ఏడుగురికి తక్కువకాని ఆ సంఘములో ఒక న్యాయకోవిదుడు, ఒక స్త్రీ, వైద్యుడుగాని సామాన్యుడొకడు ఉండితీరవలెను. ఆ సామాన్యుని కుర్చీలో నిజముగా సామాన్యుడే కూర్చున్నాడా, లేక ఆసుపత్రి అధికారి బంధువు కూర్చున్నాడా యనునది మీరెప్పుడైనను అడిగి తెలిసికొనదగిన సంగతి.

ఆ నియమములలోనే మరియొక మాటయున్నది. దానిని చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని. రోగికి చదువను వ్రాయను రానిచో, సమ్మతిని అడుగునంతసేపును నిష్పక్షపాతియైన సాక్షి యొకడు ప్రక్కనుండి, అంతయు విని, పత్రముమీద తానును సంతకము చేయవలెను. అతడు ఆ పరిశోధనతో సంబంధము లేనివాడై యుండవలెను. చదువు వచ్చినవాడై యుండవలెను. ఈ సాక్షి ఎక్కడ దొరకును? ఆసుపత్రి వరండాలో ఆ వేళకు కనబడినవానిని పిలిచి సంతకము పెట్టించుట సులభము. అతడును వేలిముద్ర వేసినవానివలెనే "ఎక్కడ" అని మాత్రమే అడుగును.

ఈ హాలులో ప్రతి సాయంకాలము వార్తాపత్రికలు చదువువారు ముప్పదిమందికి తక్కువ లేరని కార్యదర్శిగారు చెప్పిరి. వారిలో ఇద్దరు ముగ్గురు ఈ సాక్షి పనిని నేర్చుకొనవలెనని నా కోరిక. పెద్ద విద్య కాదు. పత్రమును మొదటినుండి చివరవరకు తెలుగులో చదివించుకొనవలెను. ఇంగ్లీషు పత్రముమీద తెలుగువాని వేలిముద్ర వేయింపనీయరాదు. ఇది చికిత్సా, పరిశోధనయా యని వైద్యునే అడుగవలెను. చేరనిచో మామూలు చికిత్స యేమి దొరకునో, చేరినచో అదనముగా ఏ సూదులు, ఎన్ని ప్రయాణములు, ఎన్ని దినముల కూలి నష్టమో చెప్పించుకొనవలెను. హాని కలిగినచో ఎవరిని, ఏ ఫోనునంబరున పిలువవలెనో వ్రాయించుకొని ఇంటికి తెచ్చుకొనవలెను. చివరకు రోగినే ఒక మాట అడుగవలెను: "తాతా, ఇప్పుడు ఆయన చెప్పినది నీ మాటలలో నాకు చెప్పు." తాత చెప్పలేకపోయినచో సంతకము చేయక, మరల చెప్పుమని వైద్యుని కోరవలెను. మంచి వైద్యుడు దీనికి కోపపడడు. తొందరలోనున్నవాడు కోపపడును, పడనిండు.

తాత అన్నియు విని, అర్థము చేసికొని, "నాకక్కరలేదు" అనవచ్చును. అనినచో సాక్షి పని చెడినట్లు కాదు. అన్నియు విని, "నా మనుమలకు పనికివచ్చునేమో, వేయండి సూది" అనవచ్చును. చెన్నపట్టణపు పేటలలో అట్లనినవారుండిరి గనుకనే మనము శానిటోరియముల ననవసరముగా కట్టుకొనక బయటపడితిమి.

2019 నియమావళి ప్రతి యొకటి, 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన నైతిక మార్గదర్శకముల ప్రతి యొకటి నావెంట తెచ్చితిని. కార్యదర్శిగారి చేతికిచ్చి పోవుచున్నాను. బీరువాలో దాచక, పత్రికలతోపాటు బల్లమీదనే ఉంచవలెనని మనవి. రెండును ఇంగ్లీషులో నున్నవి. సాక్షిని గూర్చిన పుటలయందు కాగితపు ముక్కలు పెట్టితిని. ముందుగా వానిని తెలుగు చేయగలవారు ఈ సభలోనే ఇద్దరు ఉపాధ్యాయులు కనబడుచున్నారు. సభ ముగిసిన పిమ్మట వారితో మాటలాడుటకు నేను కొంతసేపు ఇక్కడనే యుందును.